ఓపస్‌గారి ద్విపాత్రాభినయం

గత వారం ఈ పేజీలో మాటవరసకు ఒక్క వాక్యం వ్రాశాను: "వాట్సాప్‌లో మీరు పంపుకునే వాయిస్ మెసేజి ఎం.పి.త్రీ కాదు, దాని పేరు ఓపస్" అని. అంతే! సినిమా ప్రశ్నలన్నీ వెనక్కుపోయి ఓపస్ మీద ప్రశ్నలు వచ్చిపడ్డాయి. హీరోల పారితోషికాలు, హీరోయిన్ల పెళ్ళిళ్ళు అడిగే పాత మిత్రులు సైతం ఈసారి బిట్‌రేట్లు అడిగారు. అందులోనూ ఎక్కువ భాగం అమీర్‌పేట, పంజాగుట్ట వాళ్ళవే. ఆశ్చర్యమేముంది? గదికి నలుగురు, నలుగురి చెవుల్లో నాలుగు పాటలు. హాస్టళ్ళ పేట కదా మరి! కనుక ఈ వారం తారల కబుర్లకు సెలవు. ఒకే ప్రశ్న పదిమంది అడిగితే ఒక్కరికే జవాబు చెప్పాను. మిగతా తొమ్మిదిమంది అలగకుండా అది తమకే అనుకోవాలి.

ప్రశ్న: ఓపస్ అంటే ఎవరండీ? కొత్తగా వచ్చిన విలనా?
— మిత్రబృందం, మైత్రీవనం, అమీర్‌పేట

జవాబు: విలన్ కాదు బాబూ, డబుల్ యాక్షన్ హీరో. శబ్దాన్ని కుదించి చిన్న ఫైలుగా చేసే పద్ధతుల్లో ఒకటి. మాటను కుదించడంలో ఆరితేరిన "సిల్క్" అనే పద్ధతి స్కైప్ వాళ్ళ దగ్గర ఉండేది. సంగీతాన్ని కుదించడంలో దిట్ట అయిన "సెల్ట్" జిఫ్ అనే స్వచ్ఛంద సంస్థవాళ్ళ దగ్గర ఉండేది. ఇద్దరినీ ఒకే ఒంట్లో పెట్టి 2012 సెప్టెంబరులో ఇంటర్నెట్ ప్రమాణాల సంస్థ అధికారికంగా విడుదల చేసిన చిత్రమే ఓపస్. మాట వస్తే ఒక వేషం, పాట వస్తే రెండో వేషం. రెండూ కలిసి వస్తే ఒకే ఫ్రేములో రెండు వేషాలూ! పెదరాయుడూ తనే, చినరాయుడూ తనే అన్నమాట. సెకనుకు 6 కిలోబిట్ల పలుచని మాట దగ్గర నుంచి 510 కిలోబిట్ల చిక్కని సంగీతం దాకా అన్నీ తనే లాక్కొస్తాడు.

ఓపస్ అంటే లాటిన్‌లో "కృతి" అని అర్థం. పేరు మనకు కొత్త గాని మనిషి కొత్త కాదు. మీ జేబులోనే ఉన్నాడు, మీరు పలకరించలేదంతే.

ప్రశ్న: కుదించడం అంటే కొంత పారేయడమేనట కదా! ఏం పారేస్తారు? ఎవర్నడిగి పారేస్తారు?
— బి.కాం. విద్యార్థిని, పంజాగుట్ట

జవాబు: మీ చెవినడిగే పారేస్తారమ్మా. సాయంత్రం ఆరున్నరకు పంజాగుట్ట చౌరస్తాలో నిలబడి స్నేహితురాలితో మాట్లాడుతున్నారనుకోండి. ఆర్టీసీ బస్సు హారన్ కొట్టుకుంటూ పక్కనుంచి పోయింది. ఆ రెండు సెకన్లూ ఆమె పెదవులు కదిలాయి గాని మాట మీకు వినబడలేదు. మాట పుట్టింది, గాలిలో నడిచింది, మీ చెవి దాకా వచ్చింది కూడా. కాని పెద్ద చప్పుడు చిన్న చప్పుడును మింగేసింది.

పాటలోనూ ఇదే జరుగుతుంది. డ్రమ్ము దెబ్బ పడిన క్షణంలో, దాని పక్క స్థాయిలోనే పలికిన సన్నని వీణ నాదం మన చెవికి ఆనదు. వినబడనిదాన్ని పొల్లుపోకుండా దాచడం ఎందుకు అన్నదే ఈ విద్యకు పునాది. పాటను సెకనులో యాభయ్యో వంతు ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కలో చెవికి ఆనేదేమిటో లెక్క కట్టి, దాన్ని శ్రద్ధగా వ్రాసుకుంటుంది ఓపస్. ఆననిదాన్ని ముతకగా వ్రాస్తుంది, లేదా వదిలేస్తుంది. ఎం.పి.త్రీ చేసేదీ ఇదే. ముక్కలు కోసే తీరూ, లెక్క కట్టే నేర్పూ వేరు.

ఒక్కటి మాత్రం గుర్తు పెట్టుకోండి. వదిలేసింది వదిలేసినట్లే. మళ్ళీ రమ్మంటే రాదు. ఈ వారం నేను చెప్పబోయే జవాబుల్లో సగం ఈ ఒక్క మాట నుంచే వస్తాయి.

ప్రశ్న: అంత కష్టపడి కుదిస్తే మిగిలేదెంత? లెక్కలతో చెప్పండి. నేను కామర్స్.
— ఒక పాఠకుడు, ఎస్.ఆర్.నగర్

జవాబు: రాసుకోండి మరి. సీడీలో పాట సెకనుకు సుమారు 1,411 కిలోబిట్లు తింటుంది. ఆ లెక్కన ఐదు నిమిషాల పాట 53 మెగాబైట్లు. అదే పాట 128 కిలోబిట్ల ఎం.పి.త్రీ అయితే 4.8 మెగాబైట్లు. 96 కిలోబిట్ల ఓపస్ అయితే 3.6. 32 జీబీ మెమరీ కార్డులో సీడీ పాటలు 600 పడితే, ఎం.పి.త్రీ పాటలు 6,600, ఓపస్ పాటలు 8,800 దాకా పడతాయి. అన్ని పాటలు వినడానికి మీకు తీరికుందా అని మాత్రం నన్నడగకండి. అది మీ పరీక్షల టైం టేబుల్‌ని అడగాలి.

ప్రశ్న: ఓగ్, వోర్బిస్, ఓపస్ – ముగ్గురూ అన్నదమ్ములా?
— ఒక పాఠకురాలు, సోమాజిగూడ

జవాబు: వోర్బిస్ అన్న, ఓపస్ తమ్ముడు. ఓగ్ మాత్రం మనిషి కాదు, వాళ్ళుండే ఇల్లు. అంటే డబ్బా. ఆ డబ్బాలో వోర్బిస్ సరుకూ పెట్టవచ్చు, ఓపస్ సరుకూ పెట్టవచ్చు. వాట్సాప్ వాయిస్ మెసేజి ఫైలుకు చివర "ఓపస్" అని ఉన్నా, పైడబ్బా ఓగ్‌దే. పేర్ల సంగతి ఇంకా తమాషా. వోర్బిస్ అన్నది ఇంగ్లీషు రచయిత టెర్రీ ప్రాచెట్ నవల "స్మాల్ గాడ్స్"లోని ఒక పాత్ర పేరు. ఓగ్ అన్నది నెట్‌రెక్ అనే పాత కంప్యూటర్ ఆటలో ఆటగాళ్ళు వాడిన యాస. శాస్త్రజ్ఞులకూ సరదాలుంటాయండీ!

ప్రశ్న: ఫైలు చివర "ఓపస్" అని ఉన్నది తీసేసి "ఎం.పి.త్రీ" అని పేరు మారిస్తే సరిపోతుందా?
— మొబైల్ షాపులో పనిచేసే తమ్ముడు, అమీర్‌పేట

జవాబు: న్యూమరాలజీ ప్రకారం పేరులో అక్షరం మార్చుకున్న హీరోకి నటన వచ్చేసిందా?

ప్రశ్న: ఎం.పి.త్రీ ఉండగా వోర్బిస్, ఓపస్ ఎందుకు పుట్టాయి? ఉన్నది చాలలేదా?
— ఎం.సి.ఎ. విద్యార్థి, ఆదిత్య ఎన్‌క్లేవ్, అమీర్‌పేట

జవాబు: ఉన్నది చాలింది గాని, దానికి అద్దె కట్టవలసి వచ్చింది. ఎం.పి.త్రీని తీర్చిదిద్దినవారిలో ముఖ్యులు జర్మనీకి చెందిన ఫ్రాన్‌హోఫర్ సంస్థవాళ్ళు. ఫైలు చివర పెట్టే ఆ మూడక్షరాల పేరు 1995 జూలైలో ఖాయమయింది. లోకమంతా వాడుకోవడం మొదలుపెట్టింది. 1998 సెప్టెంబరులో ఆ సంస్థవారు, ఎం.పి.త్రీ తయారుచేసే ప్రోగ్రాములు వ్రాసేవారికి ఉత్తరాలు పంపారు: పేటెంట్లు మావి, రుసుము చెల్లించండి అని. ఇంట్లో కూర్చుని ఊరికే ప్రోగ్రాములు వ్రాసి పంచిపెట్టే కుర్రాళ్ళకు రుసుము ఎక్కడిది?

అప్పుడు క్రిస్ మాంట్‌గోమరీ అనే అమెరికా యువకుడు, ఎవరికీ దమ్మిడీ కట్టనక్కరలేని పద్ధతి ఒకటి చేస్తానని వోర్బిస్ పని పట్టాడు. 2002 జూలైలో దాని మొదటి పూర్తి రూపం బయటికి వచ్చింది. 2008లో స్పాటిఫై మొదలైనప్పుడు ఆ కంపెనీ ఎంచుకున్నది వోర్బిస్‌నే. ఆ దారిలోనే, మరికొంతమందితో కలిసి, తర్వాత వచ్చినవాడు ఓపస్.

ఎం.పి.త్రీ పేటెంట్ల గడువు తీరిపోయి 2017 ఏప్రిల్‌లో ఆ లైసెన్సుల వ్యాపారం ముగిసింది. కనుక ఇప్పుడు ఎం.పి.త్రీ కూడా ఉచితమే. కాని ఈలోగా తమ్ముడు ఎదిగిపోయాడు. తక్కువ బిట్లలో బాగా పలకడంలో ఎం.పి.త్రీ ఇప్పుడు ఓపస్‌తో పోటీ పడలేదు. మీరు అమీర్‌పేటలో నేర్చుకుంటున్న ప్రోగ్రామింగుతో ఇలాంటి పని కూడా చేయవచ్చునని చెప్పడానికే ఇంత కథ చెప్పాను. ఒక ఉత్తరం చదివి కోపం వచ్చి, ఆ కోపాన్ని పనిలో పెట్టాడు చూడండి, అదీ ముచ్చట!

ప్రశ్న: ఓపస్ ఉచితమన్నారు. అయితే ఓపస్‌లో దొరికిన పాటలన్నీ ఉచితమేనా?
— ఒక పాఠకుడు, బల్కంపేట

జవాబు: చెంబు ఉచితం తమ్ముడూ. పాలు కాదు. పాట రాసినవారికీ, స్వరపరచినవారికీ, పాడినవారికీ, డబ్బు పెట్టినవారికీ హక్కులు ఎప్పటిలాగే ఉంటాయి.

ప్రశ్న: నేను థియేటర్ సౌండ్ పిచ్చివాణ్ణి. సినిమా హాల్లో కూడా ఈ కుదింపు ఉంటుందా? ఉండదనుకుంటాను.
— సౌండ్ పిచ్చోడు, పంజాగుట్ట

జవాబు: గట్టిగా పట్టుకోండి. ఒకప్పుడు మీరు డి.టి.ఎస్. అని ఈలలు వేసి మరీ విన్నదంతా కుదించిన శబ్దమే!

1993 జూన్‌లో "జురాసిక్ పార్క్"తో డి.టి.ఎస్. వెండితెరకు వచ్చింది. శబ్దం ఫిలిం మీద ఉండేది కాదు. విడిగా సీడీల మీద వచ్చేది. ఫిలిం అంచున ఉన్న చుక్కల గుర్తులు చూసుకుంటూ ఆ సీడీ బొమ్మతో అడుగు కలిపి నడిచేది. ఆరు చానెళ్ళ శబ్దం అలాగే పెడితే సీడీల్లో పట్టదు గనుక "ఆప్ట్‌ఎక్స్" అనే పద్ధతితో నాలుగో వంతుకు కుదించేవారు. దానికి ఒక ఏడాది ముందు, 1992లో "బ్యాట్‌మన్ రిటర్న్స్"తో వచ్చిన డాల్బీ డిజిటల్ ఇంకా పొదుపరి. ఫిలిం చిల్లుల మధ్య ఉన్న కాస్త జాగాలో అచ్చువేసిన ఆ శబ్దం సెకనుకు 320 కిలోబిట్లే. ఆరు చానెళ్ళకూ కలిపి సుమండీ!

1990ల చివర, 2000లలో మన ఊళ్ళ పోస్టర్ల మీద హీరో పేరంత లావుగా "డి.టి.ఎస్." అని వేసేవారు. ఆ అక్షరాలు చూసి టిక్కెట్టు కొన్నవాళ్ళలో ఒక్కరికైనా ఏదో తగ్గిందనిపించిందా? లేదు. చెవినడిగి పారేయడం అంటే ఇదే.

ఇప్పుడు డిజిటల్ సినిమా ప్రమాణాల ప్రకారం హాలుకు వచ్చే సినిమా ప్యాకేజీలో శబ్దాన్ని కుదించనే కుదించరు. ఫిలిం రీలు పోయి హార్డు డిస్కు వచ్చింది, జాగా సమస్య తీరింది. అమీర్‌పేటలో సత్యం థియేటర్ ఉన్న స్థలంలో 2023లో తెరిచిన ఏఏఏ మల్టీప్లెక్సులో కూర్చుని మీరు ఈల వేస్తే, ఈసారి ఆ ఈల నిఖార్సయిన శబ్దానికే.

ప్రశ్న: నా దగ్గర 128 పాటలున్నాయి. ఒక సాఫ్ట్‌వేరుతో అన్నిటినీ 320 చేశాను. ఫైళ్ళు పెద్దవయ్యాయి. క్వాలిటీ కూడా పెరిగినట్టుంది. కరెక్టేనా?
— ఒక పాఠకుడు, ఎర్రగడ్డ

జవాబు: ఫైలు పెరిగింది, పాట పెరగలేదు. చెరుకు పిప్పిని మళ్ళీ గానుగలో వేస్తే రసం వస్తుందా? అసలు మీరు చేసిన పనివల్ల పాట ఇంకాస్త తగ్గింది కూడా. కుదించినదాన్ని విప్పి మళ్ళీ కుదిస్తే, రెండోసారి కూడా కొంత వదిలేస్తుంది. మీ నాన్నగారిని అడగండి. 1980లలో "కోరిన పాటలు రికార్డు చేయబడును" అని బోర్డు పెట్టిన దుకాణాల్లో క్యాసెట్ నుంచి క్యాసెట్‌కు ఎక్కించేవారు. కాపీకి కాపీ, దానికి మళ్ళీ కాపీ – నాలుగో చేతికి వచ్చేసరికి గాయకుడు నూతిలోంచి పాడుతున్నట్టు ఉండేది. ఇదీ అదే వరస.

ఎం.పి.త్రీని ఓపస్‌గా మార్చినా ఇదే మాట. జాగా బొత్తిగా లేకపోతే మార్చుకోండి, తప్పు లేదు. కాని క్వాలిటీ కోసం మార్చకండి. క్వాలిటీ కావాలంటే సీడీ దగ్గరికో, కుదించని ఫైలు దగ్గరికో వెళ్ళి, అక్కడి నుంచి ఒక్కసారే కుదించాలి.

ప్రశ్న: నా రూమ్మేటు 96 ఓపస్‌కూ, అసలు సీడీకీ తేడా చెవితో పట్టేస్తానంటాడు. పందెం కాయమంటారా?
— హాస్టల్ మిత్రుడు, అమీర్‌పేట

జవాబు: కాయండి. కాని పద్ధతిగా. పాట పేరు, ఫైలు సైజు అతనికి కనబడకూడదు. ఒకే పాటను రెండు రకాలుగా పెట్టుకుని, నాణెం ఎగరేసి ఏది వస్తే అది వినిపించండి. పదిసార్లు. శబ్దం హెచ్చుతగ్గులు లేకుండా రెండూ ఒకే స్థాయిలో ఉండాలి. ఎందుకంటే కాస్త గట్టిగా వినబడింది మనకు మంచిదనిపిస్తుంది. పదింటిలో ఐదారు సరిగ్గా చెబితే అది నాణెం చెప్పిన జోస్యం. తొమ్మిదో పదో చెబితే మాత్రం నోరుమూసుకుని పందెం డబ్బు ఇచ్చేయండి. ఆయన చెవి చెవే.

ఈ పరీక్ష మెట్రో రైల్లో పెట్టకండి. అమీర్‌పేటలో ఎక్కి పంజాగుట్టలో దిగేలోపు తేలదు. పైగా రైలు చప్పుడు సన్నని తేడాలన్నీ మింగేస్తుంది. రాత్రి ఫ్యాను ఆపి పెట్టండి. గజ్జెల సవ్వడి, చిడతలు, చప్పట్లు ఉన్న పాట ఎంచుకోండి. నిశ్శబ్దంలోంచి టక్కున పుట్టే చప్పుళ్ళ దగ్గరే కుదింపు తడబడుతుంది. తక్కువ బిట్లలో ఎం.పి.త్రీ అయితే గజ్జె మోగడానికి రవ్వంత ముందే "ష్" అని ఊపిరి వినిపిస్తుంది. అది పట్టుకున్నవాడు నెగ్గినట్లే.

ప్రశ్న: బ్లూటూత్ ఇయర్‌ఫోన్లలో ఓపస్ పాట వింటే, చెవిలోకి వచ్చేది ఓపసేనా?
— ఒక పాఠకురాలు, ఎల్లారెడ్డిగూడ

జవాబు: మంచి ప్రశ్న తల్లీ. మామూలుగా కాదు. మీ ఫోను ముందు ఓపస్‌ను విప్పుతుంది. తర్వాత గాల్లో పంపడానికి దాన్ని ఇంకో పద్ధతిలో మళ్ళీ కుదిస్తుంది. ఎస్.బి.సి. అన్నది బ్లూటూత్ పాటల పరికరాలన్నిటికీ తప్పనిసరి పద్ధతి. కొన్నిటిలో ఏ.ఏ.సి. ఉంటుంది. కొన్నిటిలో ఆప్ట్‌ఎక్స్ ఉంటుంది. పేరు ఎక్కడో విన్నట్టుందా? పైన డి.టి.ఎస్. సీడీల్లో చెప్పిన కుటుంబమే! థియేటర్లో రిటైరైన పాత్రధారి ఇయర్‌ఫోన్లలో రెండో ఇన్నింగ్స్ ఆడుతున్నాడు. అందుకే, పందెం కాసేవారు వైరున్న ఇయర్‌ఫోన్లతో కాయాలి.

ప్రశ్న: కోచింగ్‌లో రెండు గంటల క్లాసు రికార్డు చేసుకుంటాను. ఫోను నిండిపోతోంది. ఏం చేయను?
— గ్రూప్స్‌కు చదువుతున్న అభ్యర్థి, అమీర్‌పేట

జవాబు: మొదట, క్లాసు చెప్పేవారి అనుమతి తీసుకోండి. రెండు, మీ రికార్డింగ్ యాప్‌లో ఓపస్ ఉంటే 24 కిలోబిట్లు, ఒక్క చానెల్ పెట్టండి. రెండు గంటల పాఠం 22 మెగాబైట్లలోపు ముగుస్తుంది. అదే కుదించకుండా రికార్డు చేస్తే ఒక్క చానెల్‌కే 635 మెగాబైట్లు. మాటకు ఓపస్ పొదుపు ఇలా ఉంటుంది. ఇక మూడోది, రికార్డు చేసింది తిరిగి వినండి. దానికి ఏ ఫార్మాటూ సాయం చేయలేదు.

ప్రశ్న: నేను పాటలు పాడతాను. ఫిల్మ్‌నగర్‌లో ఒకరు "వాయిస్ శాంపిల్ పంపు" అన్నారు. వాట్సాప్‌లో మైకు గుర్తు నొక్కి పాడి పంపేశాను. మూడు వారాలైంది, జవాబు లేదు.
— గాయని కావాలనుకుంటున్న ఒక చెల్లెలు, యూసుఫ్‌గూడ

జవాబు: జవాబు రాకపోవడానికి పరిశ్రమలో వంద కారణాలుంటాయి, నిరాశపడకండి. కాని మీ చేతిలో ఉన్న ఒక కారణాన్ని తీసేయండి. ఆ మైకు గుర్తు మాట కోసం పెట్టింది. ఒక్క చానెల్‌తో, పలుచని బిట్‌రేటుతో, త్వరగా చేరాలన్న ఉద్దేశంతో కుదిస్తుంది. "బువ్వ తిన్నావా?" అని అడగడానికి అది బ్రహ్మాండంగా చాలు. గమకానికి చాలదు. మీ గొంతులోని ఆ సన్నని వణుకూ, పదం చివర వదిలే ఊపిరీ – సంగీత దర్శకుడు వెతికేవి సరిగ్గా అవే, అది ముతకగా వ్రాసుకునేవీ అవే.

ఇలా చేయండి. రికార్డింగ్ యాప్‌లో "వేవ్" అనే కుదించని రకం ఎంచుకోండి. ఫ్యాను ఆపండి. బట్టలు వేలాడే బీరువా తలుపు తెరిచి దాని ముందు నిలబడి పాడండి. గోడల ప్రతిధ్వని తగ్గుతుంది. ఆ ఫైలును వాట్సాప్‌లోనే పంపవచ్చు, కాని పేపర్ క్లిప్ గుర్తు నొక్కి "డాక్యుమెంట్"గా పంపండి. ఫైలు ఉన్నదున్నట్లు చేరుతుంది. అసలు ఫైలు మీ దగ్గర చెరపకుండా ఉంచుకోండి. మళ్ళీ ప్రయత్నించండి. పిలుపు వస్తే ఈ పేజీకి ఒక కార్డు ముక్క వ్రాయడం మరవకండి.

ప్రశ్న: మా కారు స్టీరియో ఓపస్ పాటలు పాడనంటోంది. మా అన్నయ్య ఐఫోన్ కూడా ఒక్కోసారి మొండికేస్తుంది.
— ఒక పాఠకుడు, పంజాగుట్ట

జవాబు: ఓపస్‌కు ఉన్న లోటు ఇదొక్కటే: అందరిళ్ళలోనూ పరిచయం లేదు. ఆండ్రాయిడ్ ఫోన్లలో 2014లో వచ్చిన 5వ వెర్షను నుంచి ఓపస్ పలుకుతుంది. మిగతా చోట్ల వి.ఎల్.సి. అనే ఉచిత ప్లేయరు వేసుకోండి, పలుకుతుంది. పాత కారు స్టీరియోకు నచ్చజెప్పలేం. దాని కోసం ఎం.పి.త్రీ కాపీ విడిగా చేసుకుని పెన్‌డ్రైవులో వేసుకోండి. రోడ్డు మీద ఇంజను చప్పుడులో ఆ తేడా ఎవరికీ అందదు. అసలుది మాత్రం చెరపవద్దు.

ప్రశ్న: మా అమ్మమ్మ పాడిన మంగళహారతులు ఒక పాత క్యాసెట్‌లో ఉన్నాయి. కంప్యూటర్లోకి ఎక్కించేవాళ్ళు "ఎం.పి.త్రీనా, ఓపసా?" అని అడుగుతున్నారు. ఏది చెప్పమంటారు?
— గృహిణి, అమీర్‌పేట

జవాబు: రెండూ వద్దని చెప్పండమ్మా. "వేవ్"లో గాని, "ఫ్లాక్"లో గాని ఇమ్మనండి. ఫ్లాక్ కూడా జిఫ్ వారి నీడన ఉన్నదే, కాని ఏదీ పారేయకుండా మడతపెడుతుంది. చీర మడతపెట్టినట్లు, విప్పితే నూలుపోగు కూడా తగ్గదు. గంట క్యాసెట్ వేవ్‌లో 635 మెగాబైట్లు అవుతుంది. ఫ్లాక్‌లో దానికంటే బాగా తగ్గుతుంది. ఈ రోజుల్లో అది పెద్ద జాగా కాదు. అది దాచుకున్నాక, మీ అక్కచెల్లెళ్ళ ఫోన్లకు పంపడానికి ఓపస్ కాపీలు ఎన్నయినా చేసుకోండి. క్యాసెట్ టేపు ఏడాదికేడాది పాడవుతుంది. ఈ పని వచ్చే పండుగ దాకా వాయిదా వేయకండి.

ప్రశ్న: మా బాపు పోయిన సంవత్సరం కాలం చేసిండు. ఆయనకు చదువు రాదు, అందుకని వాట్సాప్‌లో ఎప్పుడూ మాటే పంపేటోడు. అవన్నీ నా ఫోన్‌ల ఉన్నయ్. ఫోను స్క్రీను పగిలింది, మార్చాలె. ఎం.పి.త్రీ చేసి దాచుకుంటే మంచిగుంటదా? ఎట్ల దాచుకోవాలె?
— హాస్టల్‌లో ఉంటున్న ఒక తమ్ముడు, అమీర్‌పేట

జవాబు: తమ్ముడూ, ఈ వారం వచ్చిన ప్రశ్నల్లో నేను ముందు చదివింది మీది. జవాబు నిదానంగా చదవండి. ఫోను రిపేరు షాపులో ఇచ్చే ముందే ఈ పని ముగించండి.

ఒకటి. ఎం.పి.త్రీ చేయకండి. మీ బాపు మాట్లాడిన క్షణాన ఓపస్ కొంత వదిలేసింది, అది ఇక రాదు. మిగిలినదే మనకున్నది. మార్చిన ప్రతిసారీ అందులోంచి మరికొంత పోతుంది. కనుక ఆ ఫైళ్ళు ఎలా ఉన్నాయో అలాగే, అదే పేరుతో దాచాలి.

రెండు. ఆండ్రాయిడ్ ఫోను అయితే, ఫైల్ మేనేజరులో "వాట్సాప్ వాయిస్ నోట్స్" అనే ఫోల్డరు వెతకండి. వాట్సాప్ ఫోల్డరులో "మీడియా" లోపల ఉంటుంది. అందులో ఫైళ్ళ పేర్లు "పి.టి.టి." అని మొదలై, పక్కనే తేదీ ఉంటుంది. ఏది ఎవరిదో ఏరుతూ కూర్చోకుండా ఫోల్డరు మొత్తం కంప్యూటర్లోకి ఎత్తండి. ఏరుకోవడం తర్వాత. ఫోల్డరు దొరకకపోతే, ఒక్కో మెసేజిని నొక్కిపట్టి "షేర్" చేసి మీ ఈమెయిలుకు గాని, డ్రైవుకు గాని పంపుకోండి.

మూడు. ఒక్కచోట ఉంచితే లేనట్లే. కంప్యూటర్లో ఒకటి, పెన్‌డ్రైవులో ఒకటి, ఊళ్ళో అక్క దగ్గరో చిన్నాయన దగ్గరో ఒకటి. వాట్సాప్ బ్యాకప్ ఉంది కదా అని ఊరుకోకండి. జాగా కోసం ఫోను శుభ్రం చేసేటప్పుడు మొదట ఎగిరిపోయేవి ఈ వాయిస్ మెసేజిలే.

నాలుగు. మీ అవ్వకు వినిపించడానికి పాత ఫోనులో పలకకపోతే, అప్పుడు ఒక ఎం.పి.త్రీ కాపీ చేసి ఇవ్వండి. కాపీ మాత్రమే.

ఐదు. వెనక చప్పుళ్ళు తీసేసి శుభ్రం చేస్తామని ఎవరైనా అంటే, అదీ కాపీ మీదే చేయించండి. ఆ వెనక మోగే సైకిలు గంట, ఎవరో పిలిచిన పిలుపు ఇప్పుడు చప్పుడనిపిస్తాయి. పదేళ్ళ తర్వాత అదే మీ ఇల్లు.

ఆరు. ఒక నోటుబుక్కులో తేదీ వ్రాసి, ఆ రోజు బాపు ఏం చెప్పాడో ఒక ముక్క వ్రాసుకోండి. ఫైలు తెరిచే యంత్రాలు మారుతాయి, మీ చేతివ్రాత చదవడానికి యంత్రం అక్కరలేదు. ఓపస్ పద్ధతి మాత్రం ఎవరి సొత్తూ కాదు, దాని వివరం అంతా బహిరంగంగా అచ్చయి ఉంది. కనుక రేపు ఏ కంపెనీ మూతపడినా ఆ ఫైళ్ళు విప్పడానికి దారి ఉంటుంది. ఆ బెంగ పెట్టుకోకండి.

ప్రశ్న: ఇంతకీ మీరు ఏ ఫార్మాట్‌లో పాటలు వింటారు?
— అందరి తరఫునా, పంజాగుట్ట

జవాబు: వంటింట్లో ఓపస్, హాల్లో సీడీ, సినిమా హాల్లో కుదించనిది. పై అంతస్తు హాస్టల్ కుర్రాడి స్పీకరులో అయితే – అర్ధరాత్రి దాకా, ఏ ఫార్మాటయినా తప్పదు.

ఇక వచ్చే వారం మామూలుగా తారల ప్రశ్నలే. అప్పటి దాకా ఇంట్లో పెద్దవాళ్ళ గొంతు ఒక్కటైనా ఫోనులో ఉందో లేదో చూసుకోండి. లేకపోతే ఈ ఆదివారమే ఒక పాటో, ఒక కథో చెప్పించి, కుదించకుండా రికార్డు చేయండి. ప్రశ్నలు పోస్టుకార్డుకు సరిపడేంతే ఉండాలి సుమా. ప్రశ్నలను కుదించే విద్య మాత్రం ఓపస్‌కు రాదు, మీరే నేర్చుకోవాలి!